లా కాలేజీ తొలి తరగతికి ముందు చదవవలసినది

లాసెట్‌లోనో క్లాట్‌లోనో ర్యాంకు వచ్చి, కౌన్సెలింగ్ పూర్తయి, సీటు ఖాయమైన తరువాత కళాశాల తెరిచేలోపు న్యాయవిద్యార్థికి కొద్ది వారాల వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో చాలామంది పుస్తకాల దుకాణాల చుట్టూ తిరిగి గైడ్లను, పాత ప్రశ్నపత్రాలకు రాసిన జవాబుల సంపుటాలను కొని దగ్గర పెట్టుకుంటారు, కొన్ని ప్రసిద్ధ సెక్షన్ల అంకెలను కంఠస్థం చేస్తారు. ఈ శ్రమ పూర్తిగా వృథా అనడానికి లేదు గాని, తొలి తరగతి విద్యార్థి నుంచి కోరేది వేరు. ఇంటర్మీడియట్‌లోను, చాలా డిగ్రీ కోర్సులలోను పుస్తకం చెప్పినదాన్ని సత్యంగా స్వీకరించి పరీక్షలో తిరిగి రాయగలిగితే చదువు వచ్చినట్లే లెక్క. న్యాయశాస్త్రంలో మాత్రం చేతికి వచ్చే పాఠం చాలావరకు ఇద్దరు మనుషుల నడుమ తెగని తగవుకు మిగిలిన రికార్డు. అందులో ఇరుపక్షాలకూ ఎంతో కొంత న్యాయం కనిపిస్తుంది, చివరికి ఒక పక్షమే గెలుస్తుంది, ఆ గెలుపుకు న్యాయమూర్తి చెప్పిన కారణమే చదవవలసిన అసలు విషయమవుతుంది. కనుక కళాశాల తెరిచేలోపు విద్యార్థి అలవరచుకోవలసినది ఒక కొత్త పఠన పద్ధతి.

మన దేశంలో న్యాయవిద్యకు రెండు దారులున్నాయి. ఇంటర్మీడియట్ తరువాత చేరే ఐదేళ్ల కోర్సు ఒకటి, డిగ్రీ తరువాత చేరే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మరొకటి. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం కింద ఏర్పడిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రెండింటికీ ప్రమాణాలను నిర్ణయిస్తుంది. ఐదేళ్ల కోర్సులో తొలి సంవత్సరాలు రాజనీతిశాస్త్రం, ఆర్థికశాస్త్రం వంటి విషయాలతో కలిసి నెమ్మదిగా సాగుతాయి. మూడేళ్ల కోర్సులో అంత తీరిక ఉండదు. సాధారణంగా తొలి సెమిస్టర్‌లోనే కాంట్రాక్టు చట్టం, రాజ్యాంగం, కుటుంబ చట్టం, టార్టులు వంటివి ఎదురవుతాయి. టార్టు అంటే ఒప్పందంతో నిమిత్తం లేకుండా ఒకరి తప్పు వల్ల మరొకరికి కలిగిన నష్టానికి సివిల్ కోర్టులో పరిహారం కోరదగిన అపకారం. ఉద్యోగం చేస్తూనో, పిల్లలను పెంచుతూనో, చదువు ఆగిన పదేళ్లకో మూడేళ్ల కోర్సులో చేరేవారు తెలుగు రాష్ట్రాలలో తక్కువేమీ కాదు కనుక, ముందస్తు సన్నాహం అవసరం వారికి మరింత ఎక్కువ.

తీర్పుల ద్వారా చట్టాన్ని బోధించే పద్ధతికి అమెరికాలో స్థిరమైన రూపం వచ్చింది. 1870లో హార్వర్డ్ లా స్కూల్ డీన్‌గా వచ్చిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్, అధ్యాపకుడు సూత్రాలను వల్లిస్తుంటే విద్యార్థులు రాసుకునే అలవాటును పక్కనపెట్టి, కాంట్రాక్టులపై వచ్చిన తీర్పులను ఒక సంకలనంగా కూర్చి 1871లో ప్రచురించాడు. విద్యార్థి ఆ తీర్పులను ముందుగా చదివి వస్తే, తరగతిలో అధ్యాపకుడు వరుస ప్రశ్నలతో సూత్రాన్ని అతనిచేతనే రాబట్టేవాడు. మన దేశంలో ఈ ధోరణికి బలం వచ్చింది ఎన్.ఆర్. మాధవ మీనన్ నాయకత్వంలో బెంగళూరు నేషనల్ లా స్కూల్ 1988లో తరగతులు ప్రారంభించిన తరువాత. హైదరాబాద్‌లోని నల్సార్ 1998లోను, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2008లోను ఆ బాటలోనే వెలిశాయి. తక్కిన కళాశాలలలో ఇప్పటికీ ఉపన్యాసానిదే పైచేయి. అయినా బోధన ఏ తీరున సాగినా, ఉన్నత న్యాయస్థానాల తీర్పులు దిగువ కోర్టులకు శిరోధార్యమైన మన వ్యవస్థలో తీర్పు చదవలేనివాడు న్యాయవాదిగా నిలదొక్కుకోవడం కష్టం.

తీర్పు చదవడమంటే ఏమిటో తెలుసుకోవడానికి, కాంట్రాక్టు చట్టం తరగతిలో తొలి వారాలలోనే వినిపించే లాల్‌మన్ శుక్లా, గౌరీదత్తుల వ్యాజ్యం కంటే మంచి ఉదాహరణ దొరకడం అరుదు. 1913లో అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పిన ఈ కేసులో కథ చిన్నది. కాన్పూరులో గౌరీదత్ మేనల్లుడో అన్నకొడుకో అయిన ఒక పిల్లవాడు తప్పిపోయాడు. గౌరీదత్ తన వద్ద మునీమ్‌గా, అంటే లెక్కలు చూసే గుమాస్తాగా ఉన్న లాల్‌మన్‌ను దారి ఖర్చులిచ్చి హరిద్వారానికి వెతకడానికి పంపాడు. లాల్‌మన్ బయలుదేరిన తరువాత, పిల్లవాని ఆచూకీ తెలిపినవారికి 501 రూపాయల బహుమానం ఇస్తామని గౌరీదత్ కరపత్రాలు వేయించాడు. లాల్‌మన్ పిల్లవాణ్ణి రుషీకేశంలో కనిపెట్టి తంతి పంపాడు, యజమాని వచ్చి పిల్లవాణ్ణి తీసుకువెళ్లాడు, లాల్‌మన్‌కు కొంత సొమ్ము కానుకగా ముట్టజెప్పాడు. ఆపైన దాదాపు ఆరు నెలలు కొలువులోనే ఉన్న లాల్‌మన్, ఉద్యోగం పోయిన తరువాత బహుమానం కోసం దావా వేసి ఓడిపోయాడు.

గైడ్లలో ఈ కేసుకు దక్కే స్థానం ఒక్క వాక్యం: బహుమాన ప్రకటన సంగతి తెలియకుండా పని చేసినవాడు దాన్ని అంగీకరించినట్లు కాదు కనుక కాంట్రాక్టు లేదు. ఈ సూత్రం తప్పు కాదు. ఒక వ్యక్తి చేసే ప్రతిపాదనను మరొకరు అంగీకరించినప్పుడు వాగ్దానం ఏర్పడుతుందని, చట్టం అమలుచేయించగల ఒప్పందమే కాంట్రాక్టు అని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం రెండవ సెక్షన్ చెబుతుంది. ప్రతిపాదన ఎవరికి ఉద్దేశించినదో వారికి తెలిసినప్పుడే దాని నివేదన పూర్తవుతుందని నాలుగవ సెక్షన్ చెబుతుంది. తెలియని ప్రతిపాదనను అంగీకరించడం కుదరదన్న మాట వీటి నుంచి సహజంగానే వస్తుంది. అయితే కొద్ది పేజీలకు మించని ఆ తీర్పును స్వయంగా తెరిచినవారికి గైడు విడిచిపెట్టిన ఒక వాస్తవం కనిపిస్తుంది. గౌరీదత్ వేయించిన కరపత్రాలలో కొన్ని హరిద్వారంలో ఉన్న లాల్‌మన్‌కు కూడా పంపారు. అంటే బహుమానం సంగతి అతనికి బొత్తిగా తెలియదని తేల్చి చెప్పడానికి వీలులేదు.

అప్పుడు న్యాయమూర్తి దేనిపై ఆధారపడ్డారన్న ప్రశ్న వస్తుంది. తప్పిపోయిన బంధువులను వెతకడం మునీమ్ చేయవలసిన మామూలు పనులలోది కాకపోయినా, వెతకడానికి ఒప్పుకుని బయలుదేరినప్పుడే లాల్‌మన్ ఆ బాధ్యతను నెత్తికెత్తుకున్నాడని, బహుమానం ప్రకటించేనాటికే ఆ బాధ్యత అతనిపై ఉన్నదని, ముందే చేయవలసి ఉన్న పనిని చేయడం కొత్త వాగ్దానానికి ప్రతిఫలం కాజాలదని న్యాయమూర్తి అన్నారు. ప్రతిఫలం అంటే వాగ్దానానికి బదులుగా అవతలివారు చేసే పనో, మానుకునే పనో, ఇచ్చే మాటో. అది లేని ఒప్పందాన్ని కొన్ని మినహాయింపులు తప్ప చట్టం అమలుచేయించదు. కాబట్టి తీర్పులో రెండు తీగలున్నాయి, ఒకటి ప్రతిపాదన తెలిసి ఉండాలన్నది, మరొకటి అప్పటికే ఉన్న బాధ్యత ప్రతిఫలం కాదన్నది. తగవును నిజంగా తెంచినది రెండవదే అనడానికి బలమైన ఆధారం తీర్పులోనే ఉన్నది. తగవును తెంచిన కారణాన్ని లాటిన్ మాటతో రేషియో డెసిడెండై అంటారు, అదే తరువాతి కోర్టులను బంధిస్తుంది. ప్రసంగవశాత్తు న్యాయమూర్తి చెప్పిన తక్కిన మాటలను ఒబిటర్ డిక్టా అంటారు, వాటికి గౌరవం ఉంటుంది గాని బంధించే శక్తి లేదు. ఈ రెండింటి తేడాను నిర్వచనంగా అప్పజెప్పడం సులువు, ఒక నిజమైన తీర్పులో గీత ఎక్కడ గీయాలో చూపడం కష్టం. న్యాయవిద్యలో మొదటి ఏడాదంతా చేసే సాధన చాలావరకు ఆ గీతను గీయడమే.

అందువల్ల తరగతికి ముందు చదివిన ప్రతి తీర్పుకూ విద్యార్థి ఒక పేజీ మించకుండా సొంత టిప్పణి రాసుకోవడం మేలు. జరిగినదేమిటి, కోర్టు ముందు నిలిచిన ప్రశ్న ఏమిటి, ఎవరు ఏమని వాదించారు, కోర్టు ఏమని తేల్చింది, ఎందుకని అన్న క్రమంలో అది సాగితే చాలు. వీటిలో ఎక్కువమంది తొందరపడి దాటవేసేది ఓడిన పక్షపు వాదన. ఓడినవారి వాదనను వారి న్యాయవాదికి నచ్చే విధంగా రాయగలిగినప్పుడే తీర్పులోని కారణానికి ఎంత బలముందో తెలుస్తుంది. ఉదాహరణకు 1893 నాటి లా రిపోర్టులలో ప్రచురితమైన ఇంగ్లండు తీర్పు, కార్లిల్ కేసుగా ప్రసిద్ధమైనది, తీసుకుంటే, తమ కార్బాలిక్ స్మోక్ బాల్ అనే సాధనాన్ని రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు వాడిన తరువాత ఇన్‌ఫ్లుయెంజా సోకినవారికి 100 పౌండ్లు ఇస్తామని ప్రకటించిన కంపెనీ, అది వ్యాపార ప్రకటనలలో ఉండే అతిశయోక్తే తప్ప వాగ్దానం కాదని, లోకమంతటితో ఎవరూ కాంట్రాక్టు చేసుకోరని వాదించింది. ఈ వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. తమ చిత్తశుద్ధికి గుర్తుగా 1000 పౌండ్లు బ్యాంకులో వేశామని అదే ప్రకటనలో కంపెనీ రాసుకోకపోయి ఉంటే ఫలితం ఏమయ్యేదో ఆలోచించిన విద్యార్థికి కేసు అర్థమైనట్లే.

తీర్పు తరువాత నేర్వవలసినది చట్టాన్నే చదవడం. వ్యాఖ్యానం లేకుండా చట్టపాఠం మాత్రమే ఉన్న చిన్న పుస్తకాన్ని బేర్ యాక్ట్ అంటారు. గైడ్లకు పెట్టే డబ్బులో కొంత భాగంతోనే ఇవి దొరుకుతాయి, కేంద్ర ప్రభుత్వపు ఇండియా కోడ్ పోర్టల్‌లో ఉచితంగానే చదువుకోవచ్చు. ఇందులో ప్రతి మాటా ఒక షరతు. దొంగతనానికి చట్టం ఇచ్చే నిర్వచనాన్ని విడగొడితే, వస్తువు చరాస్తి అయి ఉండాలి, అది మరొకరి అధీనంలో ఉండాలి, వారి సమ్మతి లేకుండా, దురుద్దేశంతో తీసుకుపోదలచి దాన్ని కదిలించాలి. నేలలో పాతుకుని ఉన్న చెట్టు చరాస్తి కాదు, నరికి నేల నుంచి వేరుచేసిన క్షణంలో చరాస్తి అవుతుంది. నిర్వచనంలో ఉన్నది యాజమాన్యం కాదు, అధీనం అన్న సంగతి గమనించనివారు, మనిషి తన సొంత వస్తువునే దొంగిలించవచ్చంటే నమ్మరు. బాగుచేయించడానికి ఇచ్చిన గడియారాన్ని, కూలి చెల్లించనందుకు చట్టబద్ధంగా తన వద్ద ఉంచుకున్న పనివాని నుంచి, అతని హామీని ఎగ్గొట్టే ఉద్దేశంతో యజమానే ఎత్తుకుపోతే అది దొంగతనమేనని సెక్షన్ కింద ఇచ్చిన దృష్టాంతమే చెబుతుంది. ఈ దృష్టాంతాలు చట్టంలో భాగమే అయినా పరీక్షకు రావని వాటిని వదిలేసే అలవాటు విచారించదగినది, ఎందుకంటే కొత్త పాఠకుడికి అంతకన్నా మంచి గురువు మరొకటి లేదు.

నేరచట్టాల విషయంలో ప్రస్తుత విద్యార్థులకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చాయి. శిక్షాస్మృతిలోని 511 సెక్షన్లు న్యాయ సంహితలో 358 అయ్యాయి; హత్యకు శిక్ష చెప్పే 302వ సెక్షన్ 103వది అయింది, దొంగతనం 378 నుంచి 303కు మారింది, తెలుగునాట మోసగాడికి మారుపేరైపోయిన నాలుగు వందల ఇరవై ఇప్పుడు 318వ సెక్షన్‌లోకి చేరింది. అయినా ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత స్మృతే వర్తిస్తుంది, ఇప్పటివరకు వెలువడిన వేలాది తీర్పులలో ఉన్నవి పాత అంకెలే. రెండు అంకెలూ కంఠస్థం చేయడానికి పూనుకుంటే శ్రమ రెట్టింపవుతుంది. దొంగతనం ఏయే అంశాలతో ఏర్పడుతుందో అర్థమైతే అంకెను వెతుక్కోవడానికి క్షణం పట్టదు. అంకెలపై నిర్మించుకున్న చదువు ఒక్క రోజులో ఎంత పాతబడుతుందో ఈ మార్పు అందరికీ చూపించింది.

తీర్పును వెతికి పట్టుకోవడం కూడా కొద్దిపాటి సాధనతో వచ్చే విద్య. ఏఐఆర్ 1967 ఎస్‌సీ 1643 అని ఉంటే, ఆల్ ఇండియా రిపోర్టర్ అనే తీర్పుల సంపుటాలలో 1967వ సంవత్సరపు సుప్రీంకోర్టు భాగం, 1643వ పుట అని అర్థం. ఆ పుటలో ఉండేది గోలక్‌నాథ్ కేసు. ప్రాథమిక హక్కులను హరించే విధంగా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు లేదని 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనంలో ఆరుగురు అన్నారు, వారి పక్షాన ప్రధాన తీర్పు రాసినవారు రాజమహేంద్రవరంలో జన్మించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. 1973లో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం కేశవానంద భారతి కేసులో ఆ తీర్పును తోసిపుచ్చి, సవరించవచ్చును గాని రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపరాదని చెప్పింది. ఒక తీర్పు దొరికిన తరువాత అది ఇంకా నిలిచి ఉన్నదా, పెద్ద ధర్మాసనం దాన్ని కొట్టివేసిందా అని చూడకుండా వాడకూడదన్న జాగ్రత్త ఈ జంట కేసులతోనే అలవడుతుంది. సుప్రీంకోర్టు తీర్పులు ఇప్పుడు ఆ కోర్టు వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతున్నాయి కనుక, సంపుటాలు కొనలేని విద్యార్థికి లోటు లేదు.

వీటన్నింటికన్నా పెద్ద దిగులు, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారిని తొలిరోజు వెనుక బెంచీకి తోసేది, భాష. పార్లమెంటు మరోవిధంగా నిర్దేశించేవరకు సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారం ఇంగ్లీషులో సాగాలని రాజ్యాంగం 348వ అధికరణం చెబుతున్నది. అయినా న్యాయం తెలుగుకు పరాయిది కాదు. దావా, వాయిదా, వకాలతు, ముద్దాయి, జప్తు, రద్దు వంటి మాటలు అరబ్బీ, పారసీల నుంచి వచ్చి శతాబ్దాలుగా పల్లెల్లో నలిగినవే. పొలం గట్టు తగాదాలో, అన్నదమ్ముల పంపకాలలో, ప్రోనోటు బాకీలలో పెద్దల వాదనలు విని పెరిగిన విద్యార్థికి వాది, ప్రతివాది స్థానాలు పుస్తకం చెప్పకముందే తెలుసు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది, సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగు అనువాదంలోనూ లభిస్తున్నాయి. కేసులోని వాస్తవాలను ముందుగా ఇంట్లోవారికి తెలుగులో చెప్పి, వారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన తరువాత ఇంగ్లీషు తీర్పును మళ్లీ చదవడం అనుసరించదగిన మార్గం. అప్పుడు మిగిలే కష్టం పదాలది మాత్రమే, అవి లెక్కకు మించినవి కావు.

ఆ పదాలలో పెద్దవాటికన్నా చిన్నవే ప్రమాదకరమైనవి. షల్ అంటే సాధారణంగా చేసి తీరవలసినది, మే అంటే చేసే వెసులుబాటు ఉన్నది. సాక్ష్య అధినియమంలో కోర్టు ఒక విషయాన్ని మే ప్రిజ్యూమ్ అన్నచోట ఉన్నట్లుగా ఊహించుకోవచ్చు, లేదా రుజువు చేయమని అడగవచ్చు. షల్ ప్రిజ్యూమ్ అన్నచోట తప్పని రుజువయ్యేవరకు ఊహించుకోవలసిందే. కంక్లూజివ్ ప్రూఫ్ అన్నచోట దాన్ని ఖండించే సాక్ష్యానికి తావే లేదు. ఒక క్రియాపదం మారితే మనిషి ఇల్లో పొలమో చేతులు మారే వృత్తిలోకి అడుగుపెడుతున్నామన్న ఎరుక విద్యార్థికి ఈ మూడింటి దగ్గరే కలగాలి.

కళాశాల తెరిచేలోపు ఒక ఉదయం సమీపంలోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వెనుక వరుసలో కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ప్రత్యేక ఉత్తర్వు ఉంటే తప్ప మన కోర్టులు బహిరంగ న్యాయస్థానాలు. సొంత సాక్షిని తమ న్యాయవాది ప్రశ్నించడం ముఖ్య విచారణ అని, అవతలి న్యాయవాది ప్రశ్నించడం అడ్డు విచారణ అని పుస్తకంలో చదివినది అక్కడ మనుషుల గొంతులలో వినిపిస్తుంది. వాయిదా పడిన కేసు కోసం దూరపు ఊరి నుంచి వచ్చి వెనుదిరిగే కక్షిదారుల ముఖాలు చూసినవారు చట్టాన్ని ఆ తరువాత కేవలం పరీక్ష సబ్జెక్టుగా చూడలేరు. దుస్తులు, లాప్‌టాప్, నోటు పుస్తకాల సంగతి కళాశాల చెప్పినట్లు చేస్తే సరిపోతుంది. నల్లకోటు అవసరం చాలాచోట్ల మూట్ కోర్టుకే, అంటే కల్పిత కేసుపై విద్యార్థులు చేసే అభ్యాస వాదనకే పడుతుంది.

ఇక తొలి తరగతిలో అధ్యాపకుడు లాల్‌మన్ కేసునే ఎత్తుకున్నాడని అనుకుంటే, ఆయన కథను చెప్పించుకుని ఊరుకోడు, దాన్ని మార్చుతాడు. లాల్‌మన్ గౌరీదత్ గుమాస్తా కాక, హరిద్వారానికి వచ్చిన యాత్రికుడై, కరపత్రం చదివి పిల్లవాణ్ణి వెతికి ఉంటే? గుమాస్తాయే అయినా, యజమాని పంపకుండా సెలవు మీద తీర్థయాత్రకు వెళ్లినవాడైతే? పిల్లవాణ్ణి కనిపెట్టిన తరువాత, తంతి కొట్టడానికి ముందు కరపత్రం చేతికందితే, బహుమానం వెతికినందుకా, ఆచూకీ తెలిపినందుకా? గైడులోని ఒక్క వాక్యంతో వచ్చిన విద్యార్థికి మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, రెండవ ప్రశ్న దగ్గర ఆ వాక్యం చాలదు. తీర్పును చదివి, మునీమ్ నెత్తికెత్తుకున్న బాధ్యత దగ్గర పెన్సిలు గీత గీసుకున్న విద్యార్థి, ఇంగ్లీషు తడబడినా సరే, మూడవ ప్రశ్నకు కరపత్రంలో అసలు ఏమని రాసి ఉన్నదో చూడాలని అడుగుతాడు.